మామా కడుపు, పెద్దనాయన మందు

సల్వా, కువైట్

మందుల బాలసుబ్బయ్య పెద్దనాయనకు, నీ తమ్ముని కూతురు రెడ్డెమ్మ వేల దండాలు పెట్టి రాసుకునేది. ఈడ నేను బాగుండా, నీ అల్లుడు బాగుండాడు. బాగలేనిది ఒక్క కడుపు. అది మా ఇద్దరిదీ కాదు గానీ, దాని మీదే మా ఇద్దరి బతుకూ ఆధారపడి ఉండాది.

మొన్న ఫోన్లో అడగబోతే నా మీద కేకలేసి పెట్టేస్తివి. మందు పేరు నోట పలికినా, రోగి పేరు యాడ ఎత్తినా గుణం పోతుందని, ఏదున్నా కాగితం మీద రాసి పంపమని అంటివి. సరే, రాస్తాండా.

ముందు ఒక మాట, జాగర్తగా చదువు. ఈడ ఇంట్లో పనిచేసేవాళ్లు యజమానురాలిని ‘మామా’ అనాల, యజమానిని ‘బాబా’ అనాల. నేను మీ అల్లుణ్ణి ‘మామా’ అని పిలుస్తా గదా, ఆ మామ అనుకునేవు. ఈ మామా ఆడమనిషి, ఈ ఇంటి యజమానురాలు. మీ అల్లుడు పెంచల్ సులైబియాలో తోటపని చేస్తాండె గదా, ఈమధ్య ఒంటెల దగ్గరికి మార్చినారు. శుక్రవారం నన్ను చూడను వచ్చి, మా డ్రైవరు మునాఫ్ గదిలో టీ తాగి పోతాడు. మునాఫ్ మన రాయచోటివాడే. వచ్చేటప్పుడు మామా కోసం ఒక క్యానుడు ఒంటె పాలు తెస్తాడు. మామాకు అవంటే ప్రాణం. ఈ కాగితం అయిపాయ, రెండో కాగితం చూడు.

మామాకు బేదులు పట్టుకున్నాయి. మాత్రలు మింగితే రెండు దినాలు కడతాయి, మళ్లా మొదలు. జ్వరం లేదు, నెత్తురు లేదు, డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. మనిషి మాత్రం సగమైపోయినారు. నేను వంటింట్లోకి వచ్చినప్పటి నుంచే ఇట్లయిందని నన్నే అంటాండారు. ‘నీ చేతి వంటతో నా కడుపు ఖలాస్. పెండ్లి లోపల కుదుటపడకపోతే నిన్ను మీ ఇంటికి పంపించి ఇంకొకదాన్ని తెచ్చుకుంటా’ అన్నారు. అన్నమాట చేసే మనిషే. అట్లయితే ఒకరు ఆడ, ఒకరు ఈడ అయిపోతాం పెద్దనాయనా. వారానికి ఒక్క పూటన్నా ఆ ముఖం చూసుకుంటాండా, అదీ ఉండదు. నీ చేతి మందే నాకు దిక్కు.

ఇట్లు, కండ్లనీళ్లు తుడుచుకుంటా,
రెడ్డెమ్మ

మరిచిపోయినా: ఉత్తరం ఊరికి వస్తాండే ఆంజి చేతికిచ్చి పంపుతాండా. దోవలో పోకుండా నీకు పంపే ఖర్జూరాల డబ్బాలోనే పెట్టినా.

---

చిట్వేలి

చిరంజీవి సౌభాగ్యవతి రెడ్డెమ్మకు పెద్దనాయన బాలసుబ్బయ్య ఆశీర్వదించి, ఆ తరువాత కోప్పడి రాసేది.

నీ తెలివికి దండం తల్లీ. ఖర్జూరాలు కారి, మొదటి కాగితం వాటికి అతుక్కుని పోయింది. పీకితే అక్షరాలు పండ్ల మీదికి వచ్చినాయి. మీ పెద్దమ్మ వాటిని చదవకుండానే తినేసింది. అయినా ఫరవాలేదు. రెండో కాగితంతోనే సంగతంతా తెలిసింది. ఇంటి గడప దాటకుండా రోగం చెప్పేవాణ్ణి, ఒక కాగితం పోతే నాకేమి!

మామను ‘అన్నారు, అంటాండారు’ అని నువ్వు గౌరవంగా రాసింది చూసి నాకు కడుపు నిండింది. కానీ ఆ మనిషి అన్న మాటలు చదివి మండింది. పెండ్లి ఏంది? ఇంకొకదాన్ని తెచ్చుకునేదేంది? చిన్నప్పుడు నా భుజాలెక్కి మామిడికాయలు కోసుకున్న మనిషేనా ఆ మాటలనింది? సరే, అది తరువాత తేలుస్తా. మందు నడిచేటప్పుడు రోగి పేరు రాయకూడదు కాబట్టి నేనూ ‘మామ’ అనే రాస్తా. వైద్యుడికి కోపం వేరు, మందు వేరు.

దానిమ్మకాయ తొక్క నీడన ఎండబెట్టి, దంచి, పలచని గుడ్డలో వేసి వస్త్రకాయం పట్టు. జీలకర్ర దోరగా వేయించి పొడి చేసి అందులో కలుపు. పలచని మజ్జిగలో వేసి పొద్దునా మాపునా తాగించు. మధ్యలో ఉప్పేసిన గంజి తాగిస్తానే ఉండు, ఒంట్లో నీళ్లు తగ్గితే ఏ మందూ పనిచేయదు. ఆ పైన గసగసాలు నానబెట్టి నూరి రవ్వంత ఇవ్వు. ఎప్పుడన్నా నెత్తురు పడినా, జ్వరం వచ్చినా, కండ్లు లోపలికి పోయినా నా ఉత్తరం కోసం చూడొద్దు, ఆసుపత్రికి పరిగెత్తు. అది తెలియనివాడు వైద్యుడు కాదు.

ఇంక పథ్యం. కారం, నూనె బందు. ఆవుపాలు, బర్రెపాలు, మేకపాలు ముట్టగూడదు. బీడీ మాన్పించు. ఎండన పడి గొడ్డుచాకిరీ చేయనీయొద్దు. వినకపోతే కసురు. అప్పుడూ వినకపోతే నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యి, నేను చెప్పినానని చెప్పు. ఏ దినం ఎక్కువగా అవుతాందో చూసి రాయి. అన్నింటికంటే అది ముఖ్యం.

ఇట్లు, ఆశీర్వచనాలతో,
బాలసుబ్బయ్య

విశేషం: ఖర్జూరాలు బాగుండాయి. ఈసారి ఉత్తరం వేరేగా పెట్టు, ఖర్జూరాలు మాత్రం వేరేగా పెట్టడం మరువొద్దు.

---

సల్వా, కువైట్

మహా వైద్యుడైన పెద్దనాయనకు రెడ్డెమ్మ రెండు చేతులా మొక్కి రాసేది.

పెద్దనాయనా, నీ మందు మందు కాదు, మహిమ! ఈడ దానిమ్మకాయలకు కరువే లేదు. గింజలు పిల్లలు తింటే తొక్కలు నేను ఏరుకున్నా. డాబా మీద ఎండబెట్టబోతే పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి పెంకులాయ. ఈ దేశపు ఎండ అట్లాంటిది, నీడన పెట్టినా ఎండే. మజ్జిగలో కలిపి ఇస్తే మామా మొదట మూతి ముడిచినారు. రెండో పూటకే కడుపులో పొడుపు తగ్గింది. మూడో దినానికి లేచి కూచొని, ‘ఈ హకీం ఎవరు, ఏ ఆసుపత్రి?’ అని అడిగినారు. మా పెద్దనాయన, ఆయన అరుగే ఆసుపత్రి అని నేనంటే మునాఫ్ అరబీలో చెప్పినాడు. నేను గర్వంగా ఇంకొక గ్లాసుడు మజ్జిగ పోసినా.

గసగసాలు మాత్రం వేయలేదు. ఆ పేరు వింటానే మునాఫ్ నా నోరు మూసినాడు. ఈడ గసగసాలు దొరికితే మత్తుమందు కింద లెక్కగట్టి జైల్లో వేస్తారంట! దయచేసి పొట్లం కట్టి ఎవరి చేతికీ ఇయ్యొద్దు. పాపం వాళ్లకు పెండ్లాం బిడ్డలుంటారు.

బీడీ అని రాసినావు. మామా బీడీ తాగరు, హుక్కా తాగుతారు, అదీ చుట్టాలొచ్చినప్పుడే. ఎండన పడేది కూడా లేదు, ఏసీలోనే ఉంటారు. నీ భుజాలెక్కి మామిడికాయలు కోసినట్లు రాసినావు, అది నాకు అర్థం కాలేదు. మామా మన దేశానికే ఎప్పుడూ రాలేదు గదా. దినామూ ఎంతోమందికి మందు రాస్తాంటావు, ఎవరి ముచ్చటో దీంట్లో కలిసిపోయిందనుకున్నా. ఇంకొకదాన్ని తెచ్చుకోవడం గురించి కోప్పడొద్దు, ఈడ అది మామూలే. పక్కింటివాళ్లు ఒక్క ఏడాదిలో ఎంతమందిని మార్చినారో!

బాబా మంచోరు. బాబా ఏం చెప్తే మామా అదే వింటారు. ‘ఇండియా మందు మానొద్దు’ అని బాబా గట్టిగా చెప్పినారు. మొన్న మామా పెండ్లికని తెచ్చుకున్న పట్టుగౌను తొడుక్కొని, చేతులనిండా బంగారు గాజులు వేసుకొని, పెదాలకు ఎర్రరంగు పూసుకొని అద్దం ముందర నిలబడి ‘ఎంత చిక్కిపోయినానో’ అని ఏడ్చినారు. నాకూ ఏడుపొచ్చింది.

ఇంతలోనే మళ్లా వచ్చిపడింది పెద్దనాయనా. అన్ని దినాలూ బాగుంటాది, శుక్రవారం రాత్రి మొదలవుతాది. ఆదివారానికి మంచాన పడతారు. మళ్లా నీ మజ్జిగతో లేస్తారు. మళ్లా శుక్రవారం. పెండ్లి దగ్గరపడతాంది. ‘శుక్రవారం నువ్వు ఏం వండినావు?’ అని నన్నే నిలదీస్తాండారు. నా పెట్టె సర్దుకోవాల్సిందేనా?

ఇట్లు, ఆశ సగం, దిగులు సగంగా,
రెడ్డెమ్మ

ఇంకొకటి: మొట్టికాయ మాత్రం నా వల్ల కాదు. మామాకూ నాకూ మధ్య అంత చనువు లేదు.

---

చిట్వేలి

రెడ్డెమ్మా! ఆశీర్వాదాలు ఉత్తరం చివర్న రాస్తా, ఇప్పుడు తీరిక లేదు.

ఇంక పేర్లు దాచేది లేదు, మందు గుణం పోతే పోనీ. పెంచల్‌కు ఏం పుట్టిందే? తాళి కట్టి ఇన్నేండ్లాయ, చనువు లేదంటావు! పెండ్లాలను మార్చడం ఆడ మామూలే అంటావు! నువ్వు పుట్టిన దేశానికి వాడు ఎప్పుడూ రాలేదంటావు! వానితో పాటు నీకూ మతి పోయిందా?

ఎవడా బాబా? నాకు బాబాలు కొత్త కాదు. మన ఊరికీ ఒకాయన వస్తే నేను ఒక్క కషాయంతో తెల్లారేసరికి ఊరు దాటించినా. ఒక్క మాటకు పెంచల్ తల ఊపుతాండాడంటే ఆ బాబా వాని బుర్రలో ఏదో నూరిపోసినాడు. గాజులు, గౌను, పెదాలకు రంగు అని రాసినావు. దాని గురించి రాత్రంతా ఆలోచించి కనిపెట్టినా. వీడు కడుపు కుదిరితే వేషం కడతానని గంగమ్మకు మొక్కుకున్నాడు. మన పక్క మగవాళ్లు జాతరలో ఆడవేషం కట్టడం ఉన్నదే, దాన్ని తప్పుపట్టను. కానీ మొక్కుంటే తిరుపతికి వచ్చి జాతరలో కట్టాల గానీ, కువైట్‌లో అద్దం ముందర నిలబడి ఏడవడమేంది? గంగమ్మకు ఆ అడ్రసు ఎట్ల తెలుస్తాది?

వానికి ఫోన్ చేసినా. మందు ఊసెత్తకుండా ‘బాగుండావా’ అన్నా. ‘బాగుండా’ అన్నాడు. ఆ గొంతు బాగుండే మనిషి గొంతు కాదు. కడుపులో సత్తువ లేనివాడు మాట చివర మింగేస్తాడు. వీడు మాట చివర మింగినాడు. నా చెవులు నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

ఇప్పుడు కోపం పక్కన పెట్టి వైద్యం చెప్తా, విను. మందుకు లొంగి, మళ్లీ ఒకే దినం తిరగబెట్టే రోగం కడుపులోనిది కాదు, కడుపులోకి పోయేది. శుక్రవారం నోట్లోకి పోతాంది ఏందో పట్టుకో. సులైబియాలో పెంచల్ ఏం తింటాండాడో, ముఖ్యంగా ఏం తాగుతాండాడో, ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. నిజం చెప్పేవరకూ లేవనీయొద్దు. తుంగముస్తలు, మారేడు పిందెల వరుగుల పొడి పంపుతాండా. ముస్తలు కషాయం కాచి ఇవ్వు, మారేడు పొడి కొంచెం బెల్లంతో ఇవ్వు. పేగుకు బలం ఇచ్చేది మారేడు పిందెను మించింది నేను చూడలేదు.

ఆ బాబాకు నా మాటగా చెప్పు: ‘అయ్యా, మీరు ఎవరైనా సరే, మా మనిషిని విడిచిపెట్టి మీ దోవన మీరు పోండి.’

ఇట్లు, ఇప్పుడు ఆశీర్వాదాలు,
బాలసుబ్బయ్య

విశేషం: వేషం ఎట్లాగూ కట్టినాడు. విప్పేముందు ఫోటో తీసి పంపు. మీ పెద్దమ్మ చూడాలని కూచుండాది.

---

సల్వా, కువైట్

పెద్దనాయనా, నీ పాదాలు ఈడ ఉంటే కడిగి నెత్తిన చల్లుకుందును.

నీ ఉత్తరం చదివి ముందు నేను నేలమీద పడి నవ్వినా. ‘మామా’ అంటే ఈడ యజమానురాలు, ‘బాబా’ అంటే ఆమె మొగుడు. అదంతా నేను మొదటి కాగితంలోనే రాసినా. పెద్దమ్మ తినేసింది. పెండ్లి ఆమె కూతురిది. తెచ్చుకుంటామన్నది ఇంకొక పెండ్లాన్ని కాదు, ఇంకొక పనిమనిషిని. యజమానురాలు గదా అని గౌరవానికి ‘అన్నారు, అంటాండారు’ అని రాస్తినే, అదే కొంప ముంచింది. ‘ఆమె, అనింది’ అని రాసింటే పెంచల్ గాజులు తొడుక్కునే పనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. శుక్రవారం మీ అల్లుడు వచ్చినాడు. మునాఫ్ గదిలో కూర్చోబెట్టి, ‘మా పెద్దనాయన ఎంత పొరపాటు పడినాడో చూడు’ అని నీ ఉత్తరం చదివి వినిపించినా. మునాఫ్ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. మీ అల్లుడు నవ్వలేదు. ముఖం తెల్లబోయింది. నా చేతిలో కాగితాన్ని చూస్తా, మెల్లగా అడిగినాడు: ‘మీ పెద్దనాయనకు ఎట్ల తెలిసింది?’

ఒంటెల దగ్గరికి మారినప్పటి నుంచి ఆయనకూ ఇదే బాధంట! చెప్తే పనికిరాడని ఇంటికి పంపిస్తారని నోరు మూసుకున్నాడంట. నాకూ చెప్పలేదు. దిగులుపడతానని! ‘నీ ముఖం చూసే ఆ ఒక్క పూటా ఏడుపుతో ఏంటికి పోగొట్టుకునేది’ అన్నాడు. తిట్టినా పెద్దనాయనా, ఏడ్చినా, మళ్లా తిట్టినా. నువ్వు చెప్పినావు గదా అని మొట్టికాయ కూడా వేసినా. మాకు ఆ చనువుండాది.

ఏం తాగుతాండావని గట్టిగా అడిగితే చెప్పినాడు. ఒంటె పాలు, పిండినవి పిండినట్టు, కాచకుండా. ఒంటికి బలమని ఆడివాళ్లు చెప్పినారంట. ఆ పాలే శుక్రవారం క్యానులో మామాకు వస్తాండాయి, మామా కూడా కాచకుండా గ్లాసుడు తాగుతాండాది! ‘ఆవుపాలు, బర్రెపాలు, మేకపాలు ముట్టగూడదు’ అని నువ్వు రాసినావు. మామా నీ మాటను అక్షరం దాటలేదు. టీలో పాలు మానింది, నీ మందు మజ్జిగ తప్ప పెరుగు గూడా ముట్టలేదు. ఒంటె పేరు నువ్వు రాయలేదు గదా!

పాలు తెచ్చింది మీ అల్లుడు. ఉన్నదున్నట్టు చెప్తే ఇద్దరి పనీ పోతాది. చెప్పకపోతే మామా కడుపు పోతాది. ఏం చేసేదా అని తల పట్టుకుంటే మునాఫ్ లేచి లోపలికి పోయి మామాతో, ‘హకీం మళ్లా రాసినాడు. ఈ మందు నడిచేటప్పుడు ఒంటె పాలు గూడా బందు. ఆ తరువాత కూడా ఏ పాలైనా పొంగు వచ్చేదాకా కాచాల్సిందే’ అని అరబీలో చెప్పినాడు. అబద్ధం ఒక్కటీ లేదు. మామా వెంటనే సరే అనింది. నీ పేరు మీద ఏం చెప్పినా వింటాది ఇప్పుడు.

ఆ శుక్రవారం ఏమీ కాలేదు. తరువాతి శుక్రవారమూ ఏమీ కాలేదు. ఆడ మీ అల్లుడు, ఈడ మామా, ఇద్దరూ నీ ముస్తల కషాయం తాగినారు, మారేడు పొడి తిన్నారు. ఇద్దరి బుగ్గలూ నిండుకున్నాయి. పెండ్లిలో మామా తెల్లారేదాకా చప్పట్లు కొడతా పాటలు పాడింది. చుట్టాలందరి ముందర నా చెయ్యి పట్టుకుని ‘ఈ రెడ్డెమ్మను నేను యాడికీ పంపను’ అనింది. నువ్వు పొరపాటు పడకపోయింటే నేను ఆయన్ను అడిగేదాన్ని కాదు, ఆయన చెప్పేవాడు కాదు. ఇంత దూరం నుంచి గొంతు విని మనిషి కడుపు చెప్పినావే, నీలాంటి వైద్యుడు యాడుండాడు!

బాబాకు నీ మాట మునాఫ్ చెప్పినాడు. ‘మా మనిషిని విడిచిపెట్టి మీ దోవన మీరు పోండి’ అంటే, ఆయన నవ్వి నవ్వి, ‘పెండ్లయినప్పటి నుంచీ దోవ వెదుకుతానే ఉండా’ అన్నాడంట.

ఇట్లు, నీ పేరు చెప్పుకొని బతికే
రెడ్డెమ్మ

ఇంకొకటి: మామా నీకు పెండ్లి మిఠాయి డబ్బా పంపుతాంది. నేతిలో మునిగుంటాది, కొంచెం కొంచెం తిను. నిన్ను వీసా తీసి ఈడికి పిలిపించుకుంటా అని కూడా అంటాంది. వస్తే మాత్రం నువ్వు కూడా ఆమెను ‘మామా’ అనాల.

---

చిట్వేలి

చిరంజీవులు రెడ్డెమ్మకూ, వేషం కట్టని పెంచల్‌కూ పెద్దనాయన ఆశీస్సులు.

పొరపాటు అని రాసినావు. పొరపాటు ఏంది? పెంచల్‌కు బాగలేదన్నా, బాగలేదు. మామకు మందు రాసినా, ఇద్దరు మామలకూ కుదిరింది. ఇంతకంటే ఏం కావాల? శాస్త్రంలో ఎనిమిది రకాల పాలు చెప్పినారు, అందులో ఒంటె పాలు కూడా ఉండాయి. చిట్వేలిలో ఒంటె యాడుందిలే అని నేనే మూడు రాసి వదిలేసినా. ఆ రుషులు మీ సులైబియాను కూడా లెక్కలో పెట్టుకుని రాసినారమ్మా, వాళ్ల చూపు అట్లాంటిది. పెంచల్‌తో చెప్పు: కడుపు సంగతి పెండ్లాం దగ్గర దాచేవాడు నా అల్లుడు కాదు. నొప్పి చెప్పుకునేదానికే గదా ఇద్దరుండేది. ఆ వాక్యం వాని ముందర మళ్లీ చదువు.

మీ మామాకు నా నమస్కారాలు. వీసా ఇప్పుడే వద్దు. నాకంటే చిన్నదాన్ని మామా అనడానికి అభ్యంతరం లేదు గానీ, ప్రస్తుతం నేను ఇంటి నుంచి ఎక్కువ దూరం పోయే పరిస్థితిలో లేను.

ఇట్లు,
బాలసుబ్బయ్య

విశేషం: మిఠాయి డబ్బా అందింది. ఎంత బాగుందంటే, కొంచెం కొంచెం తినమన్న నీ మాట డబ్బా అయిపోయినాక గుర్తొచ్చింది. ఆ రాత్రి నుంచి మన ఇంట్లో ఒకరికి బాగలేదు. ఎవరికో నేను రాయను, రోగి పేరు రాయకూడదు. వైద్యుడు తన మందు తానే రాసుకుంటే పనిచేయదు, ఇంకొకరు రాసి పంపాల. ఆ దానిమ్మ తొక్క మజ్జిగ సంగతి నువ్వే నీ చేత్తో రాసి పంపు తల్లీ. ఎవరైనా విమానం ఎక్కేవాళ్లుంటే ఈ దినమే ఇవ్వు. ఖర్జూరాల్లో మాత్రం పెట్టొద్దు.